ఒడిశాలో ఉండి తెలుగులో చట్టం వెతుకుతున్నారా? నెట్‌లో దొరికింది ఎంతవరకు నమ్మొచ్చో ఇలా చూసుకోండి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు ఉండే మన తెలుగోళ్లకి ఒక ఇబ్బంది ఉంది, అది విజయవాడలోనో హైదరాబాద్‌లోనో ఉన్నోళ్లకి తెలీదు. భూమి గురించో ఆస్తి పంపకం గురించో పోలీసు కేసు గురించో డౌట్ వస్తే ఫోన్ తీసి తెలుగులో వెతుకుతాం, జవాబు కూడా శుభ్రమైన తెలుగులోనే వస్తుంది, చెప్పేవాళ్లు నిజంగా లాయర్లే అయ్యుంటారు, చెప్పింది తప్పు కూడా కాదు. కాకపోతే అది ఆంధ్రా చట్టం, లేదంటే తెలంగాణ చట్టం. మన పొలం మాత్రం ఒడిశాలో ఉంది, మన కేసు నడిచేది ఒడిశా కోర్టులో. ఈ ఒక్క సంగతి చూసుకోక అడ్వాన్సులు ఇచ్చేసినవాళ్లు, గడువు దాటిపోయాక వకీలు దగ్గరికి వెళ్లినవాళ్లు మన వైపు తక్కువేం లేరు. అందుకే మన జిల్లాల్ని దృష్టిలో పెట్టుకుని, నెట్‌లో చట్టం ఎలా వెతకాలి, దొరికినదాన్ని ఎలా పరీక్షించాలి అన్నది వరసగా రాస్తున్నా. లా చదివుండక్కర్లేదు. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలిగితే చాలు, రాకపోతే ఇంట్లో ప్లస్ టూ చదివే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకోండి.

మొదటి పని ఫోన్‌తో కాదు, కాగితంతో. వెతకడానికి ముందే మూడు విషయాలు రాసి పెట్టుకోండి: ఏ ఊళ్లో, ఎప్పుడు, ఎవరెవరి మధ్య. ఊరు అంటే ఊరి పేరొక్కటే కాదు, తహసీలు, బ్లాకు, జిల్లా కూడా రాయండి. ఎప్పుడు అంటే దస్తావేజు రాసిన తేదీ, గొడవ జరిగిన తేదీ, సరుకు కొన్న తేదీ, ఏదైతే అది. ఎవరెవరి మధ్య అంటే ఇద్దరిలో ఎవరైనా ఎస్టీనా, ఎస్సీనా, కంపెనీనా, గవర్నమెంటు ఆఫీసా, ఇంట్లోవాళ్లేనా అన్నది. ఈ మూడూ లేకుండా చదివితే ప్రతి ఆర్టికలూ మన గురించే రాసినట్టు అనిపిస్తుంది, అక్కడే దెబ్బ తింటాం.

రెండో పని, ఇది ఏ ప్రభుత్వం చేసిన చట్టమో తేల్చుకోవడం. కొన్ని దేశమంతా ఒకటే: పోలీసు కేసుల చట్టాలు, చెక్ బౌన్స్, వినియోగదారుల చట్టం, యాక్సిడెంట్ క్లెయిములు లాంటివి. వీటికి విజయవాడ లాయర్ చెప్పింది బరంపురంలోనూ చాలావరకు పనికొస్తుంది. భూమి, కౌలు, స్టాంప్ డ్యూటీ, కోర్టు ఫీజు, కుల ధ్రువీకరణ, వీటి దగ్గరకొచ్చేసరికి రాష్ట్రం మారితే మొత్తం మారిపోతుంది. కాబట్టి ఏ ఆర్టికల్ చూసినా, ఏ వీడియో చూసినా ముందు అడగాల్సింది ఇది ఏ రాష్ట్రం గురించి చెప్తున్నారు అని. చాలామంది తెలుగులో చెప్పేవాళ్లు రాష్ట్రం పేరే చెప్పరు, వాళ్లకి ఆ అవసరం లేదు, వినేవాళ్లంతా ఆంధ్రా తెలంగాణవాళ్లే అని వాళ్ల లెక్క. చట్టం పూర్తి పేరు, సంవత్సరం చెప్పని ఆర్టికల్‌ని భూమి విషయంలో పక్కన పెట్టేయండి, ఎంత బాగా రాసినా సరే.

భూమి ఉదాహరణ కొంచెం వివరంగా చెప్తా, మన వైపు ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే కాబట్టి. ఏజెన్సీ భూములు కొనొచ్చా అని తెలుగులో వెతికితే మొదట వచ్చేది వన్ ఆఫ్ సెవెంటీ. అది ఆంధ్రాలో 1959 నాటి భూబదలాయింపు రెగ్యులేషన్‌కి 1970లో వచ్చిన సవరణ, దాని ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే రాజ్యాంగం కింద గిరిజన ప్రాంతంగా ప్రకటించిన చోట, గిరిజనేతరుడు ఇంకో గిరిజనేతరుడికి అమ్మినా చెల్లదు. ఒడిశాలో ఆ రెగ్యులేషన్ లేదు. ఇక్కడ ఉన్నది 1956 నాటి రెండో నంబర్ రెగ్యులేషన్, షెడ్యూల్డ్ ట్రైబ్స్ వాళ్లు చేసే స్థిరాస్తి బదిలీల గురించి చేసింది. 2002లో దాన్ని సవరించి ఎస్టీ భూమి ఎస్టీ కానివాళ్లకి వెళ్లే దారి పూర్తిగా మూసేశారు. అంతకుముందు అధికారి పర్మిషన్ ఉంటే కుదిరేది, అందుకే పాత ఆర్టికల్స్‌లో పర్మిషన్ తీసుకుంటే చాలు అని ఇంకా కనిపిస్తుంది. ఇక షెడ్యూల్డ్ ఏరియా కాని చోట ఎస్సీ ఎస్టీ భూములకి ఒడిశా భూసంస్కరణల చట్టం 1960, సెక్షన్ 22 చూడాలి, అక్కడ రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉంటే బదిలీ కుదురుతుంది. అంటే ఒకే రాష్ట్రంలో, ఒక్కోసారి ఒకే జిల్లాలో కూడా ఊరు మారితే చట్టం మారిపోతుంది.

ఏ ఊరు ఎందులోకి వస్తుందో తెలియాలంటే 1977లో రాష్ట్రపతి ఇచ్చిన షెడ్యూల్డ్ ఏరియాల ఆర్డర్ చూడాలి. పాత కోరాపుట్ జిల్లా మొత్తం అందులో ఉంది, అంటే ఇప్పటి కోరాపుట్, రాయగడ, నబరంగ్‌పూర్, మల్కనగిరి నాలుగూ. గజపతి వైపు ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మా బ్లాకు, రాయగడ బ్లాకు ఉన్నాయి, పర్లాకిమిడి టౌన్ లేదు. ఇక్కడ ఒక జాగ్రత్త, గజపతి జిల్లాలో ఉన్న రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, నెట్‌లో ఈ రెండూ కలిపేసి రాసేవాళ్లున్నారు. బరంపురం షెడ్యూల్డ్ ఏరియా కాదు. కొటియా లాంటి చోట్ల అయితే ఒడిశా, ఆంధ్రా రెండూ మాదే అంటున్నాయి, ఆ ఊళ్ల భూమి గురించి ఏ వెబ్‌సైట్ గట్టిగా చెప్పినా దాన్ని పట్టుకుని అడుగు ముందుకు వేయొద్దు.

మూడో పని, సైటు ఎవరిదో చూడటం. పైన అడ్రస్ బార్‌లో సైటు పేరు తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీత (/) లోపు చివరి ముక్క చదవండి. డాట్ గవ్ డాట్ ఇన్ గానీ డాట్ ఎన్ఐసీ డాట్ ఇన్ గానీ ఉంటే గవర్నమెంటుది, అవి బయటివాళ్లకి ఇవ్వరు. ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్ పేరు పెట్టుకుని, మూడు సింహాల బొమ్మ పెట్టుకుని, చివర డాట్ కామ్, డాట్ ఓఆర్జీ, ఉత్త డాట్ ఇన్ ఉన్న సైట్లు చాలా ఉన్నాయి. అవి ప్రైవేటువి. ప్రైవేటు అయినంత మాత్రాన అబద్ధం అని కాదు గాని అక్కడ మీ ఆధార్ నంబరు, ఓటీపీ, ఖాతా వివరాలు ఇవ్వాల్సిన పనేం లేదు. ప్రైవేటు సైట్లలో ఎవరు రాశారు, ఏ తేదీన రాశారు, ఎప్పుడు మార్చారు, ఏ సెక్షన్ మీద ఆధారపడి చెప్పారు, ఈ నాలుగూ కనిపించాలి. కింద ఎక్కడో మాకు ఫోన్ చేయండి అని నంబరు ఒక్కటే ఉండి ఈ నాలుగూ లేకపోతే అది ప్రకటన. ఆర్టికల్ కాదు.

నాలుగో పని అసలైనది, దీనికి టైమ్ పెట్టండి. ఎవరు ఏం చెప్పినా దాని వెనకున్న అసలు చట్టం కళ్లతో చూడాలి. కేంద్ర చట్టాలు, చాలా రాష్ట్ర చట్టాలు ఇండియా కోడ్ అనే గవర్నమెంటు సైట్‌లో ఫ్రీగా ఉన్నాయి. చట్టం పేరు కొట్టి సెక్షన్ తెరవండి. తెరిచాక సెక్షన్ ఒక్కటే చదివి ఆపేయొద్దు, కింద చిన్న అక్షరాల్లో ఫుట్‌నోట్లు ఉంటాయి, ఏ చట్టం ద్వారా మార్చారు, ఏ తేదీ నుంచి అమలు, ఏ ముక్క తీసేశారు అన్నది అక్కడ ఉంటుంది. సగం గొడవలు ఆ చిన్న అక్షరాల్లోనే తేలిపోతాయి. సెక్షన్‌లో ప్రొవైడెడ్ దట్ అని మొదలయ్యే ముక్క ఉంటే దాన్ని రెండుసార్లు చదవండి, పైన ఇచ్చిన హక్కుకి మినహాయింపులు అక్కడే ఉంటాయి. ఇంకో సంగతి, మన రాష్ట్రం పేరు 2011లో ఒరిస్సా నుంచి ఒడిశాగా మారింది కాబట్టి పాత చట్టాలు, పాత తీర్పులు ఒరిస్సా పేరుతో వెతికితేనే దొరుకుతాయి, హైకోర్టు పేరు ఇప్పటికీ ఒరిస్సా హైకోర్టే. రెండు స్పెల్లింగులతోనూ వెతకండి.

చట్టం పుస్తకంలో ఉన్నంత మాత్రాన అమల్లో ఉన్నట్టు కాదు, ఇది చాలామందికి తెలీదు. యాక్సిడెంట్ చేసి చెప్పకుండా పారిపోయే డ్రైవర్‌కి పదేళ్ల జైలు అని, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 106, సబ్‌సెక్షన్ 2 ఉంది. డ్రైవర్ల సమ్మెలు కూడా దాని మీదే జరిగాయి. కానీ 2024 జూలై 1 నుంచి ఈ సంహిత అమల్లోకి వస్తుందని నోటిఫికేషన్ ఇచ్చినప్పుడు ఆ ఒక్క సబ్‌సెక్షన్‌ని పక్కన పెట్టారు. సంహిత పూర్తి పాఠం ఒక్కటే చదివితే ఈ సంగతి తెలీదు, గెజిట్ నోటిఫికేషన్ చూడాలి. కేంద్రానిది ఈ-గెజిట్ (eGazette) సైట్‌లో ఉంటుంది, ఒడిశా గెజిట్ వేరే ఉంది. సెక్షన్ దొరికాక ఇది అమల్లో ఉందా, ఎప్పటి నుంచి అని ఇంకో ప్రశ్న వేసుకోవడం అలవాటు చేసుకోండి.

దీనికి అటువైపు ఉదాహరణ మన ఒడిశాలోనే జరిగింది. 2023 నవంబర్‌లో ఎస్టీ భూముల్ని సబ్ కలెక్టర్ పర్మిషన్‌తో ఎస్టీ కానివాళ్లకి బదిలీ చేసుకునేలా రెగ్యులేషన్ మారుస్తామని రాష్ట్ర కేబినెట్ నిర్ణయం తీసుకుంది. పేపర్లలో, టీవీల్లో, ఫోన్లలో అదే వార్త. వెంటనే గిరిజనుల నుంచి, అన్ని వైపుల నుంచి వ్యతిరేకత రావడంతో ఆపేశారు, తర్వాత ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకున్నారు. చట్టం మారనే లేదు. కానీ కేబినెట్ ఆమోదం అన్న మొదటి రోజు వార్తలు ఇప్పటికీ నెట్‌లో ఉన్నాయి, ఇవాళ వెతికినా ముందు అవే వస్తాయి, ఆపేశారు అన్న వార్త కిందకి పోతుంది. ఆ మొదటి వార్త చూపించి ఇప్పుడు కొనుక్కోవచ్చంటా అని అడ్వాన్స్ అడిగే మధ్యవర్తి మీ దగ్గరికి వస్తే ఏం చెప్పాలో ఇప్పుడు తెలిసింది కదా. కేబినెట్ ఒప్పుకోవడం, బిల్లు పెట్టడం, బిల్లు పాసవడం, సంతకం అవడం, గెజిట్‌లో రావడం, అమలు తేదీ రావడం, ఇవన్నీ వేర్వేరు మెట్లు, వార్త ఏ మెట్టు గురించి చెప్తుందో చూడండి.

ఐదో పని, తేదీల లెక్క. నెట్‌లో తప్పు సమాచారం కన్నా పాతబడిన సరైన సమాచారమే ఎక్కువ ముంచుతుంది, అది రాసిన రోజున నిజమే కాబట్టి అనుమానం రాదు. వినియోగదారుల కేసు ఎంత మొత్తం వరకు జిల్లా కమిషన్‌లో వేయొచ్చు అని వెతకండి, మూడు జవాబులు దొరుకుతాయి. 20 లక్షలు అని ఒకరు, కోటి అని ఒకరు, 50 లక్షలు అని ఒకరు. ముగ్గురూ అబద్ధం చెప్పలేదు. 20 లక్షలు పాత 1986 చట్టం కింద ఉన్న పరిమితి, కోటి 2019 చట్టంలో రాసింది, 2021 డిసెంబర్‌లో వచ్చిన రూల్స్ దాన్ని 50 లక్షలు చేశాయి. పైగా లెక్క కట్టే పద్ధతి కూడా మారింది, ఇప్పుడు చూసేది మీరు కట్టిన డబ్బు, అడిగే నష్టపరిహారం దానికి కలపరు.

పోలీసు కేసుల్లో ఇంకా జాగ్రత్త కావాలి. 2024 జూలై 1 నుంచి ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత, సీఆర్‌పీసీ పోయి నాగరిక సురక్షా సంహిత, ఎవిడెన్స్ యాక్ట్ పోయి సాక్ష్య అధినియమం వచ్చాయి. మోసం అంటే 420 అని మనకి నాలుక మీద ఉంది, ఇప్పుడది 318 సబ్‌సెక్షన్ 4. కానీ 2024 జూలై కన్నా ముందు జరిగిన నేరానికి ఐపీసీయే వర్తిస్తుంది, అందుకే ఐపీసీ అని కనిపించిన ప్రతిదీ పాతది అని పారేయకూడదు, మీరు కాగితం మీద రాసుకున్న తేదీ చూసుకుని తీసుకోవాలి. కొత్త చట్టంలో మనకి పనికొచ్చేది ఒకటి చెప్పాలి, నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 173 ప్రకారం పోలీసులు నేరుగా కేసు కట్టగల నేరం (కాగ్నిజబుల్) ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వొచ్చు. అంటే ఇచ్ఛాపురంలో జరిగినా బరంపురంలో ఇవ్వొచ్చు, పార్వతీపురంలో జరిగినా రాయగడలో ఇవ్వొచ్చు. బార్డర్ దాటి తిరిగే మనకి ఇది తెలిసుండాలి. అదే సెక్షన్ కింద ఆన్‌లైన్‌లో ఫిర్యాదు ఇస్తే మూడు రోజుల్లో వెళ్లి సంతకం పెట్టాలి. ఈ మాట నేను చెప్పానని కాకుండా ఇండియా కోడ్‌లో 173 తెరిచి చదివి నమ్మండి, ప్రాక్టీసు కూడా అవుతుంది.

ఆడపిల్లల ఆస్తి హక్కు ఇంకో పెద్ద తికమక, ఇందులో రాష్ట్రం, తేదీ రెండూ కలిసి వస్తాయి. తెలుగులో చదివితే 1985 సెప్టెంబర్ 5కి ముందు పెళ్లయితే కూతురికి వాటా లేదు అని కనిపిస్తుంది. అది ఆంధ్రప్రదేశ్ 1986లో హిందూ వారసత్వ చట్టానికి చేసుకున్న సవరణ, ఒడిశాకి సంబంధం లేదు. దేశమంతటికీ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా జన్మహక్కు ఇచ్చిన సవరణ 2005 సెప్టెంబర్ 9న వచ్చింది. ఆ తర్వాత 2015లో ప్రకాష్ వర్సెస్ ఫూలవతి కేసులో సుప్రీంకోర్టు ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలి అంది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జిల బెంచి ఆ మాట తప్పు, తండ్రి బతికి ఉండక్కర్లేదు అని తేల్చింది. కాకపోతే 2004 డిసెంబర్ 20కి ముందే పద్ధతి ప్రకారం అయిపోయిన పంపకాలు కదపరు. ఇప్పుడు ఆలోచించండి, 2016 నుంచి 2020 మధ్య రాసిన ఆర్టికల్ ఒకటి చదివి, నాన్న 2001లోనే పోయారు కాబట్టి నాకేం రాదు అనుకుని సంతకం పెట్టేసిన అక్కచెల్లెళ్లు ఎంతమంది ఉండుంటారో. ఆర్టికల్ తేదీ చూడటం ఇంత ముఖ్యం. ఇంకొకటి కూడా చాలా ఆర్టికల్స్ చెప్పవు, హిందూ వారసత్వ చట్టం సెక్షన్ 2 ప్రకారం కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ ట్రైబ్స్‌కి ఇది వర్తించదు.

ఆరో పని తీర్పులు చూడటం. తీర్పు దొరకాలంటే ముందు ఇండియన్ కానూన్ అనే సైటు చూడండి, ప్రైవేటుది, 2008 నుంచి ఉంది, ఫ్రీ, వెతకడం తేలిక. అక్కడ దొరికాక అదే తీర్పుని కోర్టు సైట్‌లో కూడా చూసి పోల్చుకోండి. సుప్రీంకోర్టు రిపోర్టులు 2023 జనవరి నుంచి ఈ-ఎస్‌సీఆర్ (eSCR) పేరుతో ఫ్రీగా పెట్టారు, ఒరిస్సా హైకోర్టుకి తన సైట్ ఉంది, జిల్లా కోర్టు కేసులు ఈ-కోర్ట్స్ (eCourts) సైట్‌లో 16 అక్షరాల సీఎన్ఆర్ నంబర్‌తో, అంటే కేసు గుర్తింపు నంబర్‌తో, దొరుకుతాయి. సుప్రీంకోర్టు తీర్పులు కొన్ని తెలుగులోకి కూడా అనువదించి పెడుతున్నారు, అర్థం చేసుకోవడానికి అవి చాలా మేలు, కాని అధికారికంగా చెల్లేది ఇంగ్లీషు ప్రతే అని ఆ అనువాదాల మీదే రాసి ఉంటుంది.

తీర్పు తెరిచాక చూడాల్సినవి: ఏ కోర్టు, ఎంతమంది జడ్జిలు, ఏ తేదీ, ఆ తర్వాత ఏమైంది. సుప్రీంకోర్టు చెప్పిన చట్టం అందరికీ వర్తిస్తుంది. ఒరిస్సా హైకోర్టు చెప్పింది ఒడిశా కింది కోర్టులు పాటించాలి. ఆంధ్రా హైకోర్టు తీర్పు బరంపురం కోర్టులో చూపించొచ్చు, వినొచ్చు కూడా, కానీ పాటించి తీరాలని లేదు. పాత జమీందారీ భూముల గొడవలున్నవాళ్లు ఇంకొంచెం వెనక్కి వెళ్లాలి, 1936 ఏప్రిల్ 1 వరకు గంజాం, కోరాపుట్ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేవి కాబట్టి మద్రాసు చట్టాలు, ముఖ్యంగా 1908 నాటి మద్రాస్ ఎస్టేట్స్ ల్యాండ్ యాక్ట్, పాత కాగితాల్లో కనిపిస్తాయి. ఆ తర్వాత పట్నా హైకోర్టు, 1948 జూలై 26 నుంచి కటక్‌లో మన హైకోర్టు. మీ తాతగారి కేసు 1940లోదైతే ఒరిస్సా హైకోర్టు సైట్‌లో ఎందుకు దొరకట్లేదో దీంతో అర్థమవుతుంది.

ఇండియన్ కానూన్‌లో తీర్పు పైన సైటెడ్ బై అని ఉంటుంది, దాన్ని నొక్కితే తర్వాత ఏ తీర్పుల్లో దీన్ని ప్రస్తావించారో వస్తుంది. కొత్తవాటి నుంచి మొదలుపెట్టి, ఓవర్‌రూల్డ్ (ఆ తీర్పు తప్పని తేల్చారు), సెట్ అసైడ్ (కొట్టేశారు), స్టే (ఆపి పెట్టారు) అన్న మాటలు ఎక్కడైనా ఉన్నాయేమో చూడండి. ఫూలవతి తీర్పుని ఇలా చూసినా వినీతా శర్మ బయటపడుతుంది. తీర్పు మొదట్లో ఎడిటర్లు రాసే సారాంశం ఒకటుంటుంది, అది తీర్పు కాదు, జడ్జి మాట పేరా నంబర్లతో ఉంటుంది, అక్కడికి వెళ్లండి. చదివేటప్పుడు వకీళ్ల వాదనలు కూడా జడ్జి అందులో రాస్తారు, అది చూసి కోర్టే అలా అంది అనుకోకూడదు. ఓపిక లేకపోతే చివరి నాలుగైదు పేరాలైనా పూర్తిగా చదవండి.

కుల సర్టిఫికెట్ విషయంలో మనోళ్లు తప్పకుండా చదవాల్సిన తీర్పు ఒకటుంది, మర్రి చంద్రశేఖర రావు వర్సెస్ సేఠ్ జీఎస్ మెడికల్ కాలేజీ డీన్, 1990, ఐదుగురు జడ్జిల బెంచి. ఆంధ్రాలో ఎస్టీ లిస్టులో ఉన్న కుటుంబం, తండ్రితో పాటు ముంబై వెళ్లిన అబ్బాయి అక్కడ మెడికల్ సీటుకి ఎస్టీ కోటా అడిగితే, ఆ గుర్తింపు ఆ రాష్ట్రానికే పరిమితం, మహారాష్ట్రలో రాదు అని కోర్టు చెప్పింది. శ్రీకాకుళంలో చుట్టాలకి ఉన్న సర్టిఫికెట్ చూసి గజపతి జిల్లాలో పిల్లలకి అదే వస్తుందని ఆశ పడేవాళ్లు, ఫీజులు కట్టకముందే ఒడిశా లిస్టులో తమ కులం పేరు ఉందో లేదో చూసుకోవాలి.

ఏడో పని, వీడియోలు, వాట్సాప్ మెసేజీలు, ఏఐ. సుప్రీంకోర్టు సంచలన తీర్పు అని వస్తే కేసు పేరు, తేదీ ఉన్నాయా చూడండి, లేకపోతే ఫార్వర్డ్ చేయకండి. వ్యాఖ్యలు అని హెడ్డింగ్ ఉంటే అది విచారణ టైమ్‌లో జడ్జి నోటితో అన్న మాట అయ్యుండొచ్చు, ఆర్డర్‌లో లేకపోతే దానికి విలువ లేదు. మధ్యంతర ఉత్తర్వు అంటే ఇంకా కేసు నడుస్తుందని. ఏఐని తెలుగులో అడిగితే చాలా నమ్మకంగా చెప్తుంది, కేసు పేర్లు కూడా ఇస్తుంది, కాని లేని కేసుల్ని పుట్టించి ఇవ్వడం దానికి మామూలే. 2023లో న్యూయార్క్‌లో మాటా వర్సెస్ ఏవియాంకా అనే కేసులో ఇద్దరు లాయర్లు చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పుల్ని కోర్టులో వేసి జరిమానా కట్టాల్సొచ్చింది. అంత చదువుకున్నోళ్లే దొరికిపోయారు. కాబట్టి అది చెప్పిన పేరుని ఇండియన్ కానూన్‌లో, ఈ-ఎస్‌సీఆర్‌లో కొట్టండి, దొరక్కపోతే వదిలేయండి, దొరికితే నిజంగా ఆ మాట అందులో ఉందా అని పేరా చూడండి, పేరు నిజమై మాట అబద్ధం అయ్యే కేసులే పట్టుకోవడం కష్టం. ఏఐకి మంచి ఉపయోగం ఒకటి ఉంది, మీరే తెచ్చిన సెక్షన్ పాఠం ఇచ్చి తెలుగులో వివరించమనండి, వివరించాక మళ్లీ అసలుతో పోల్చుకోండి.

భూమి రికార్డుల గురించి ఒక ముక్క. ఆంధ్రాలో మీభూమి, తెలంగాణలో ధరణి పోయి 2025లో భూభారతి, ఒడిశాకి భూలేఖ్. మన పొలం ఇక్కడుంటే మొదటి రెండింట్లో ఎంత వెతికినా రాదు, వీడియోల్లో చెప్పే అడంగల్ నంబర్ పట్టుకుని ఇక్కడ తిరగొద్దు, ఇక్కడ కావాల్సింది మౌజా (రెవెన్యూ గ్రామం) పేరు, ఖాతా నంబరు, ప్లాట్ నంబరు. రికార్డు ఒడియాలో వస్తుంది, చదవడం రాకపోతే ఊళ్లో చదవగలిగే ఇద్దరితో వేర్వేరుగా చదివించుకోండి, ముఖ్యంగా యజమాని పేరు, కులం ఉన్న గడి, భూమి రకం ఉన్న గడి. కులం గడిని మనోళ్లు పట్టించుకోరు, సెక్షన్ 22 తగిలేది దాంతోనే. స్క్రీన్ మీద కనిపించింది తెలుసుకోవడానికి మాత్రమే, కొనే ముందు తహసీల్ ఆఫీసు నుంచి సర్టిఫైడ్ కాపీ, సబ్ రిజిస్ట్రార్ నుంచి ఈసీ (ఆ భూమి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) తీసుకుని తీరాలి.

చివరి పని, దొరికినదంతా ఒకచోట పెట్టుకోవడం. లింకు, చూసిన తేదీ, సెక్షన్ నంబరు, తీర్పు పేరు, పేరా నంబరు ఒక నోట్‌బుక్‌లో రాసి, పేజీని పీడీఎఫ్ చేసి దాచండి, సైట్లు మారిపోతుంటాయి. రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటే ఏది మనకి అనుకూలమో అది తీసుకోవద్దు, రెండూ రాసుకుని వకీలుకి చూపించండి. వకీలు దగ్గరికి నెట్‌లో చూశాను అని వెళ్తే విసుక్కునేవాళ్లు కూడా సెక్షన్, తేదీ, తీర్పు కాపీ పెడితే కూర్చుని మాట్లాడతారు. డబ్బు లేదని ఆగిపోవద్దు. లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1987, సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్లకి, ఎస్సీ ఎస్టీలకి, ఇంకా కొన్ని వర్గాలకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, జిల్లా కోర్టు ఆవరణలో లీగల్ సర్వీసెస్ ఆఫీసు ఎక్కడుందో అడగండి, లేదా 15100కి ఫోన్ చేయండి. తెలుగు వచ్చిన వకీలు కావాలని దరఖాస్తులోనే రాయండి, బరంపురం, పర్లాకిమిడి, రాయగడ కోర్టుల్లో తెలుగు మాట్లాడే వకీళ్లకి కొదవ లేదు, అడక్కపోతే మాత్రం ఎవరూ గుర్తుపెట్టుకుని ఇవ్వరు. గడువులున్న విషయమైతే, అప్పీలు గానీ నోటీసుకి జవాబు గానీ, ఈ వెతకడం పూర్తయ్యేదాకా ఆగకుండా ముందు ఆ ఆఫీసుకి వెళ్లండి, మిగతాది తర్వాత చదువుకోవచ్చు.